నేరం రక్తంలో ఉందా, రిజిస్టరులో ఉందా?

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. విత్తు ఒకటి వేస్తే చెట్టు ఒకటి మొలుస్తుందా అనీ అంటారు. ఈ సామెతలు తెలుగువాళ్లందరివీ. మన ఇళ్లలో మనమూ పిల్లల మీదా, అల్లుళ్ల మీదా సరదాకి విసురుతూనే ఉంటాం. అయితే 1911 తరువాత మూడున్నర దశాబ్దాల పాటు మద్రాసు ప్రెసిడెన్సీలో ఈ సామెతే చట్టమై కూర్చుంది. ఫలానా తెగ ‘నేరస్థ తెగ’ అని ప్రభుత్వం గెజిట్‌లో ఒక ప్రకటన వేస్తే చాలు, ఆ తెగలో పుట్టినవాడు ఏ తప్పూ చేయకపోయినా పోలీసు రిజిస్టరులోకి ఎక్కవలసి వచ్చేది. మన తెలుగు జిల్లాల్లో ఆ దెబ్బ తిన్నవారిలో ఎరుకలవారు ముందు వరసలో ఉన్నారు.

ఆగస్టు 31 విముక్త జాతుల దినం. 1952లో అదే తేదీన ఆ చట్టం దేశమంతటా రద్దయింది. ఆ రోజును తలుచుకుంటూ తెస్తున్న ఈ ఇ-సావనీరులో మన పాటలు ఉన్నాయి, మన బుట్టల అల్లిక ఉంది, మన పెద్దల జ్ఞాపకాలు ఉన్నాయి. వాటి పక్కన ఈ వ్యాసం కాస్త బరువుగా అనిపించవచ్చు. అయినా రాయక తప్పలేదు. కాలేజీల్లో చదివే మన పిల్లలు మమ్మల్ని పదేపదే అడిగే ప్రశ్న ఒకటుంది. “నిప్పు లేనిదే పొగ రాదు కదా, ఏదో ఉండబట్టే కదా మీవాళ్లను అలా అన్నారు అంటుంటే మేం ఏం చెప్పాలి?” అని. దీనికి కోపంతో జవాబు చెప్పడం తేలిక. చరిత్రతో జవాబు చెప్పాలంటే కొంత ఓపిక కావాలి. ఆ ఓపికతో చదవమని కోరుతున్నాం.

రేసిజం అనగానే మన కుర్రకారుకు అమెరికాలో నల్లవారి కష్టాలో, దక్షిణాఫ్రికాలో గాంధీగారిని రైల్లోంచి దింపేయడమో గుర్తొస్తుంది. చర్మం రంగులో తేడా లేనిచోట రేసిజం ఎక్కడిదని అడుగుతారు. దానికి మనం జాతివివక్ష అని పేరు పెట్టుకున్నాం గానీ, జాతి అన్న ఒక్క మాటలోనే కులాన్నీ, తెగనూ, దేశాన్నీ, ఆఖరికి పశువుల రకాన్నీ కలిపేసుకున్నాం. ఒంగోలు జాతి గిత్త అంటాం, తెలుగు జాతి అంటాం, నేర జాతి అనీ అన్నాం. అసలు కిటుకు ఆ కలగలుపులోనే ఉంది. గిత్తకు మూపురం ఎలా పుట్టుకతో వస్తుందో మనిషికి గుణం కూడా అలాగే వస్తుందని ఒకసారి ఒప్పుకున్నామంటే ఇక రంగు ఏదైతేనేం? ఒక గుంపు మనుషులకు మారని స్వభావం ఒకటి అంటగట్టి, దాన్ని చూపించి వాళ్ల హక్కులు కోసేయడమే రేసిజం. ఆ లెక్కన మన గడప దగ్గరే దానికి పెద్ద చరిత్ర ఉంది.

సామాజికశాస్త్రం చదివినవాళ్లు ఇంగితజ్ఞానాన్ని, అదే కామన్‌సెన్స్‌ని, చిన్నచూపు చూస్తారని ఒక అపవాదు. మాకు అలాంటి చూపు లేదు. వాన ఎటునుంచి వస్తుందో, ఏ ఆకు పసరు ఏ గాయానికి పనిచేస్తుందో, ఏ షావుకారును నమ్మకూడదో మన అవ్వలకు తెలిసింది ఇంగితంతోనే. చిక్కు ఎక్కడంటే, ఇంగితానికి కళ్లముందున్నది బాగా కనబడుతుంది, దాని వెనక ముప్పై ఏళ్ల కిందట జరిగింది కనబడదు. పైగా దాని దగ్గర ప్రతి సందర్భానికీ ఒక సామెత సిద్ధంగా ఉంటుంది. పుట్టుబుద్ధి పోదన్న నోరే, ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారనీ అంటుంది. తన కొడుకు చెడిపోతే సావాసదోషం. ఎరుకల కొడుకు చెడిపోతే పుట్టుబుద్ధి. ఏ సామెతను ఎవరి మీద వాడుతున్నారో గమనించడం దగ్గరే సామాజికశాస్త్రం మొదలవుతుందని మా అభిప్రాయం.

ఇక ఎరుకలవారి సంగతికి వద్దాం. వారి శాఖల పేర్లే సగం చరిత్ర చెబుతాయి. వెదురు దబ్బలు చీల్చి బుట్టలు, తట్టలు అల్లినవారు దబ్బ ఎరుకల. సాలెవారి మగ్గాలకు కావలసిన కుంచెలు కట్టినవారు కుంచపురి ఎరుకల. కరివేపాకు ఎరుకల, ఉప్పు ఎరుకల అన్న పేర్లకు వివరణ అక్కర్లేదు. చూడండి, ఒక్క పేరులోనూ దొంగతనం లేదు. ప్రతి పేరూ ఒక సరుకుదో, ఒక పనిదో. వీరి ఆడవాళ్లు సోది చెప్పారు, పచ్చబొట్లు పొడిచారు. ఎరుక చెప్పడం వల్లనే ఎరుకల అన్న పేరు వచ్చిందని మన పెద్దలు చెబుతారు. శ్రీనివాస కల్యాణ కథలో సాక్షాత్తూ వేంకటేశ్వరుడు పద్మావతి తల్లికి ఎరుక చెప్పడానికి ఎరుకలసాని వేషంలోనే వెళ్లాడు కదా. ఆ వేషాన్ని యక్షగానాల్లో చూసి మురిసిన దేశంలోనే, గంప నెత్తిన పెట్టుకుని నిజమైన ఎరుకలసాని వీధిలోకి వస్తే, ఆమె ఇళ్ల ఆనుపానులు కనిపెట్టి మగవాళ్లకు చేరవేస్తుందని పోలీసు అధికారులు పుస్తకాల్లో రాసుకున్నారు.

ఉప్పు ఎరుకలవారి కథ దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే మొత్తం వ్యవహారానికి తాళంచెవి అక్కడుంది. కోస్తాలో ఉప్పు కొటార్ల దగ్గర ఉప్పు కొని, ఎడ్ల మీదా గాడిదల మీదా గోనెలు వేసుకుని, కుటుంబాలతో సహా లోపలి జిల్లాలకు నడిచి వెళ్లేవారు. అక్కడ ఉప్పు ఇచ్చి ధాన్యం తీసుకునేవారు. ఆ ధాన్యాన్ని దారిలో మారకం వేసుకుంటూ మళ్లీ తీరానికి దిగేవారు. లంబాడీలు ఇంతకన్నా పెద్ద బిడారులతో ఇదే పని చేశారు. బండి పోలేని దారుల్లో, కొండల మధ్య ఊళ్లలో, ఉప్పు చేరిందంటే వీళ్ల కాళ్ల మీదే చేరింది. పైగా పంట కోసిన చేలల్లో రైతులు వీళ్ల మందలను రాత్రిపూట నిలుపుకునేవారు, పేడ పడితే పొలానికి బలమని. అంటే ఊరికి వీళ్లతో అవసరం ఉంది. ఉప్పు తెచ్చేవాడి కోసం ఊరు ఎదురుచూస్తుంది గాని, తలుపులు వేసుకోదు. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ 2001లో వచ్చిన తన పుస్తకంలో ఈ ఉప్పు వ్యాపారం కథను పాత ప్రభుత్వ కాగితాల నుంచే తవ్వి తీశారు. ఆ దొరల కాగితాల్లోనే మనవాళ్లు వర్తకులుగా కనబడటం గమనించవలసిన విషయం.

తరువాత ఏమైంది? ఉప్పు మీద 1805 నుంచే ప్రభుత్వం గుత్తాధిపత్యం పెట్టుకుని ఉంది. 1856లో రాయపురం నుంచి వాలాజాపేట వైపు దక్షిణాదిలో మొదటి రైలు నడిచింది. ఆ తరువాతి దశాబ్దాల్లో పట్టాలు లోపలి జిల్లాలకు పాకాయి. ఒక వ్యాగన్‌లో పట్టే ఉప్పు మోయాలంటే ఎన్ని ఎడ్లు కావాలి, ఎన్ని వారాలు నడవాలి? టోకు వ్యాపారి రైలు పట్టుకున్నాక ఎద్దు మీది బస్తాకు గిట్టుబాటు లేదు. దాని మీద 1876-78 ధాత కరువు వచ్చి పడింది. కరువులో ముందు పోయేది పశువు. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాల్లో మనుషులకే గంజి లేనప్పుడు ఎడ్లకు గడ్డి ఎక్కడిది? ఎద్దు పోతే ఉప్పు ఎరుకలవాడికి వ్యాపారం మాత్రమే కాదు, నడిచే ఇల్లు పోయినట్టే. ఆపైన 1882లో మద్రాసు అటవీ చట్టం. ఊరుమ్మడిగా వాడుకున్న అడవి రిజర్వు అయింది, మేతకు పుల్లరి వచ్చింది, వెదురు నరికితే కేసు అయింది. ఉప్పు పోతే బుట్టలైనా అల్లుకుందామనుకున్నవాళ్లకు ఆ దారీ ఇరుకైంది.

ఇందులో ఏ ఒక్కటీ ఎవరో కూర్చుని ఎరుకలవారిని దెబ్బతీద్దామని చేసింది కాదు. రైలు రావడం మంచిదేనని ఆనాడూ అనుకున్నారు, ఈనాడూ అనుకుంటాం. ఇంగితానికి ఇక్కడే చిక్కు వస్తుంది. కష్టం వచ్చిందంటే ఎవడో ఒక చెడ్డవాడు ఉండాలి కదా అని అది వెతుకుతుంది. వెతికితే బాట మీద నడిచే మనిషి కనబడ్డాడు. మనిషి మారలేదు, బాట మారలేదు, వెంట పిల్లాజెల్లా మారలేదు. గోనెలో ఉప్పు మాత్రం లేదు. ‘కంటికి కనిపించే జీవనాధారం లేకుండా తిరుగుతున్నాడు’ అని రాసుకోవడానికి అది చాలింది. ఆ జీవనాధారం ఎటు పోయిందని అడిగినవాళ్లు తక్కువ.

మరి దొంగతనాలు జరగలేదా? జరిగాయి. దాచవలసిన పని లేదు. కరువులో కడుపు కాలినవాళ్లు ఏ కులంలోనైనా ధాన్యం పాతర్ల మీద పడ్డారు. కొందరు అదే అలవాటు చేసుకున్నవాళ్లూ ఉన్నారు. ఒకడు చేసినదానికి వాడి పేరు రాస్తారా, వాడు పుట్టిన తెగ పేరు రాస్తారా అన్నదే ప్రశ్న. బ్యాంకులను ముంచి విదేశాలకు ఎగిరిపోయినవాళ్ల కులాలను నేర కులాలని ఎవరూ ప్రకటించలేదు. ప్రకటించకూడదు కూడా.

1871లో నేరస్థ తెగల చట్టం మొదట ఉత్తరాది ప్రాంతాలకు వచ్చింది. దాని వెనకున్న వాదన ఇంగితానికి ఎంత దగ్గరో చూడండి. ఈ దేశంలో వడ్రంగి కొడుకు వడ్రంగి అవుతాడు, సాలె కొడుకు సాలె అవుతాడు, కాబట్టి దొంగ కొడుకు దొంగే అవుతాడు. తండ్రి పనిని కొడుకు చేపట్టడం మన సమాజంలో ఉన్నదే. ఒక నిజం పక్కన నిలబెట్టారు కనుకనే ఆ అబద్ధం అందరికీ నచ్చింది. దొరలకే కాదు, భూస్వాములకూ, చదువుకుని ఉద్యోగాలు చేస్తున్న మనవాళ్లకూ నచ్చింది. నేరస్థుడు పుట్టుకతోనే నేరస్థుడని ఇటలీలో లాంబ్రోసో రాసిన పుస్తకం 1876లో వెలువడింది. మన చట్టం అంతకన్నా 5 ఏళ్లు పెద్దది. అంటే శాస్త్రం చెప్పింది కనుక చట్టం చేయలేదు. నమ్మకం ముందు నుంచీ ఉంది, చట్టం దాన్ని పట్టుకుంది, శాస్త్రం పేరు తరువాత వచ్చి తోడైంది.

అలా తోడైన శాస్త్రం మద్రాసులో ఎలా ఉండేదో చెప్పుకోవాలి. 1885 నుంచి 1908 దాకా మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటుగా ఎడ్గార్ థర్‌స్టన్ ఉన్నాడు. తలల పొడవు వెడల్పులు, ముక్కుల ఎత్తు వెడల్పులు కొలిచే పరికరాలు పట్టుకుని ఊళ్లు తిరిగాడు. ముక్కు వెడల్పును ఎత్తుతో భాగించి నూరుతో హెచ్చిస్తే ఒక అంకె వస్తుంది. ఆ అంకెను బట్టి జాతులను వరసలో పెట్టవచ్చని ఆ కాలపు పండితుల నమ్మకం. 1901 జనాభా లెక్కలు నడిపిన రిస్లీ అయితే, ముక్కు సన్నబడే కొద్దీ సామాజిక హోదా పెరుగుతుందని సూత్రమే చెప్పాడు. థర్‌స్టన్ ఈ కొలతల విద్యను పోలీసు అధికారులకూ పాఠంగా చెప్పాడు. 1909లో రంగాచారితో కలిసి ఏడు సంపుటాల్లో దక్షిణాది కులాలు, తెగల మీద ఆయన తెచ్చిన పుస్తకాన్ని మనం ఇప్పటికీ తిరగేస్తూనే ఉంటాం, ఎందుకంటే మన ఆచారాల గురించి అంత వివరం వేరేచోట దొరకదు. అయితే ఆ వివరంలో కొంత భాగం పోలీసుల నోటి నుంచే వచ్చిందని గుర్తుంచుకుని తిరగేయాలి. 1892లో పోలీసు అధికారి ముల్లాలీ మద్రాసు ప్రెసిడెన్సీ నేరస్థ వర్గాల మీద ఒక పుస్తకం రాశాడు. స్టేషన్లో పుట్టిన మాట అలా అచ్చు పుస్తకాల్లోకి ఎక్కింది. పుస్తకంలో ఉంది కనుక అది విజ్ఞానమై మళ్లీ స్టేషన్‌కు తిరిగి వచ్చింది.

1911లో చట్టాన్ని మార్చి మద్రాసుతో సహా దేశమంతటికీ విస్తరించారు. 1924లో మరింత బిగించారు. ఈ చట్టాలు ఏమన్నాయో తెలుసుకోకుండా మన తాతల జీవితం అర్థం కాదు. తెగను నేరస్థ తెగగా ప్రకటించాక ఆ ప్రకటన చెల్లదని ఏ కోర్టులోనూ వాదించే వీలు లేదు. రిజిస్టరులో ఉన్నవాళ్ల వేలిముద్రలు తీసుకుంటారు. ఎరుకలవారు ఏకలవ్యుడిని తమ మూలపురుషుడిగా చెప్పుకుంటారు. ఒక కాలంలో బొటనవేలు అడిగారు, ఇంకో కాలంలో దాని ముద్ర అడిగారు. ఉత్తర్వు వేస్తే చెప్పిన వేళకు వచ్చి హాజరు వేయించుకోవాలి. చెప్పిన హద్దు దాటాలంటే పాసు కావాలి. రిజిస్టరులో ఉన్నవాడు ఊళ్లో కనబడకపోతే కబురు చెప్పవలసిన బాధ్యత గ్రామాధికారులది, కావలివాళ్లది, భూమి యజమానులది. కొన్ని నేరాల్లో రెండోసారి శిక్ష పడితే 7 ఏళ్లకు తక్కువ లేని జైలు, మూడోసారి అయితే జన్మాంతర ప్రవాసం. దొంగతనం చేయబోతున్నట్టు అనుమానం కలిగించే పరిస్థితిలో దొరికితే చాలు, 3 ఏళ్ల దాకా లోపల వేయవచ్చు.

ఇప్పుడు లెక్కల దగ్గరకు రండి. హాజరు తప్పితే నేరం. పాసు లేకుండా పక్క ఊరి సంతకు పోతే నేరం. కూతురి పురిటికి వెళ్లి ఒక రోజు ఆలస్యంగా వచ్చినా నేరమే. వేరే కులం మనిషి చేస్తే నేరం కానివన్నీ ఈ తెగ మనిషి చేస్తే నేరమయ్యాయి. అవన్నీ సంవత్సరాంతంలో లెక్కకు వస్తాయి. ఆ లెక్క చూసి, ఈ తెగలో ఇంతమంది శిక్షలు పడ్డవాళ్లున్నారు చూడండి, మేం అన్నది నిజం కాదా అంటారు. చట్టం తాను పుట్టించిన నేరాన్నే తనకు సాక్ష్యంగా చూపించుకుంది. నిప్పు లేనిదే పొగ రాదన్న మాటకు మా జవాబు ఇక్కడుంది. పొగ వచ్చిన మాట నిజమే. పొయ్యి ఎవరు పెట్టారన్నది చూడాలి.

ఇదే కాలంలో సముద్రాలకు అవతల ఒక నల్లజాతి యువకుడు ఇదే ముడిని విప్పే పనిలో ఉన్నాడు. ఆయన పేరు డబ్ల్యు.ఇ.బి. డుబాయ్. 1896లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం ఆయనను పిలిచి, ఫిలడెల్ఫియా నగరంలో నల్లవారు ఎక్కువగా ఉండే సెవెంత్ వార్డును పరిశీలించమంది. ఆయనకు విద్యార్థులకు పాఠం చెప్పే అవకాశం మాత్రం ఇవ్వలేదు. ఆ వార్డు నగరానికి పట్టిన చీడ అని ఊళ్లో పెద్దమనుషుల నమ్మకం. అదే ఏడాది ఫ్రెడరిక్ హాఫ్‌మన్ అనే బీమా కంపెనీ గణాంకవేత్త, నల్లవారిలో రోగాలూ మరణాలూ నేరాలూ ఎక్కువ కావడానికి వాళ్ల జాతి లక్షణమే కారణమని అంకెలతో పుస్తకం అచ్చేశాడు. డుబాయ్ ఆ పుస్తకాన్ని 1897లో విమర్శించాడు. విమర్శించి ఊరుకోలేదు. వార్డులోనే కాపురం పెట్టి ఇంటింటికీ తిరిగి, దాదాపు 10 వేల మంది నల్లవారి బతుకు వివరాలు రాసుకున్నాడు. ఎక్కడ పుట్టారు, ఎప్పుడు వచ్చారు, ఏ పని తెలుసు, ఏ పని ఇచ్చారు, అద్దె ఎంత కడుతున్నారు.

1899లో వచ్చిన ఆ పుస్తకంలో డుబాయ్ నేరాల లెక్కలను దాచలేదు. ఎక్కువగా ఉన్నాయనే రాశాడు. కానీ ఆ అంకెల వెనక ఉన్నవి బయటపెట్టాడు. నిన్నటి దాకా బానిసత్వం. అక్కడి నుంచి ఒక్కసారిగా నగరానికి వలస. చేతిలో పనితనం ఉన్నా రంగు చూసి పని ఇవ్వని కార్ఖానాలు. తెల్లవారికన్నా ఎక్కువ అద్దె వసూలు చేసే ఇళ్ల యజమానులు. చిన్న కారణానికే నల్లవాడిని పట్టుకుని పెద్ద శిక్ష వేసే పద్ధతి. పైగా నల్లవారంతా ఒకేలాంటి ముద్ద కాదని, అందులో ఉపాధ్యాయులు, చేతిపనివారు, కూలీలు, నేరాలతో బతికేవాళ్లు అని వేరువేరు తరగతులున్నాయని చూపించాడు. మన దగ్గర థర్‌స్టన్ పరికరంతో ముక్కులు కొలుస్తున్న సంవత్సరాల్లోనే డుబాయ్ అద్దెలూ కూలిరేట్లూ లెక్క కట్టాడు. ఇద్దరూ కొలిచారు. ఒకాయన ఒంటిని కొలిచాడు, ఇంకొకాయన ఆ ఒంటి చుట్టూ ఉన్న లోకాన్ని కొలిచాడు. మా దృష్టిలో ఇంగితానికీ సామాజికశాస్త్రానికీ ఉన్న దూరం ఇంతే, ఇదే. ఆ రోజుల్లో ఎరుకలవారికి ఒక డుబాయ్ దొరకలేదు. ఇంటింటికీ తిరిగి మీ ఎడ్లు ఎప్పుడు పోయాయని అడిగినవాళ్లు లేరు.

రక్తం సిద్ధాంతం కన్నా మెత్తగా కనబడే ఇంకో వాదన ఉంది. అది నేటికీ ఎక్కువగా వినబడుతుంది కనుక దాన్నీ చూడాలి. తప్పు రక్తంలో లేదు, పెంపకంలో ఉంది; మంచి వాతావరణంలో పెట్టి, క్రమశిక్షణ నేర్పితే బాగుపడతారు అన్నది ఆ వాదన. సెటిల్మెంట్లు దీని మీదే లేచాయి. సాల్వేషన్ ఆర్మీ కమిషనర్ బూత్ టక్కర్ అయితే నేరానికి వైద్యం అన్న అర్థం వచ్చే పేరుతో ఒక పుస్తకమే రాశాడు. బాపట్ల దగ్గర 1913 ప్రాంతంలో ఆ సంస్థ నిర్వహణలో ఒక సెటిల్మెంటు మొదలైంది. దానికి మద్రాసు గవర్నరు కౌన్సిలు సభ్యుడు సర్ హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టారు. అదే స్టువర్టుపురం. కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఒకటి నడిపింది. బెజవాడకు ఎదురుగా సీతానగరంలో, కర్నూలు జిల్లా సిద్ధాపురంలో మరికొన్ని.

సెటిల్మెంట్లలో బడులు పెట్టారు, మందులిచ్చారు. మన తెగల్లో మొదట అక్షరం నేర్చుకున్నవాళ్లలో కొందరు ఆ బడుల్లోనే నేర్చుకున్నారు. ఆ మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది. ఎవరి విశ్వాసాన్నీ తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. కానీ ఆ చట్టంలోనే పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి పెట్టే అధికారం కూడా ఉంది. 6 ఏళ్ల పిల్లను తల్లి దగ్గర నుంచి ఎందుకు తీయాలి? తల్లి దగ్గర ఉంటే తల్లి బుద్ధులు వస్తాయని. రోగం రక్తంలో ఉందన్నా, సంస్కృతిలో ఉందన్నా, రోగి మాత్రం మనమే. రైలు, ఉప్పు పన్ను, అటవీ చట్టం పరీక్షకు నిలబడలేదు.

పైగా సెటిల్మెంటుకు ఇచ్చిన భూమి చాలావరకు సాగుకు లొంగని భూమి. దాని మీద బతకలేనివాళ్లు ఎక్కడ పనిచేశారు? స్టువర్టుపురంవాళ్లు చీరాల పొగాకు కంపెనీలో, సీతానగరంవాళ్లు రాతి క్వారీలో. పాసు లేనిదే బయటికి పోలేని మనిషి కూలి బేరం ఆడగలడా? ఎవరి బుద్ధులు మార్చడానికి ఈ ఏర్పాటు అన్న ప్రశ్న పక్కన, ఎవరికి చవక కూలీలు దొరికారన్న ప్రశ్న కూడా పెట్టాలి. ఇంగితానికి తోచని ప్రశ్న అది.

మద్రాసు ప్రెసిడెన్సీలో 1947లో ఈ చట్టం పోయింది. దేశమంతటా రద్దు చేయడానికి దారి వేసిన కమిటీకి అధ్యక్షుడు మన తిరుచానూరు మనిషి, తరువాత లోక్‌సభ స్పీకరు అయిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్. అయితే చట్టం పోయినచోట అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 1962లో వచ్చింది. కాగితం మీద ఇప్పుడు తెగ లేదు, వ్యక్తి మాత్రమే ఉన్నాడు. కానీ దొంగతనం జరిగితే ముందు ఎవరి గుడిసె తలుపు తట్టాలో కాగితం చూసి నేర్చుకున్నది కాదు కదా. గుర్రం జాషువా గారి కుమార్తె హేమలతా లవణం, భర్త లవణంతో కలిసి స్టువర్టుపురంలో ఏళ్ల తరబడి పనిచేసింది ఆ తలుపు తట్టే చేతి మీద కూడా. నేరం మానినవాడికి ఊరు పని ఇవ్వకపోతే మానడం ఎలా కుదురుతుందన్న ప్రశ్నతో ఆమె అధికారుల చుట్టూ, పౌరుల చుట్టూ తిరిగారు.

సినిమా వాళ్లు మాత్రం ఇంగితం వైపే ఉన్నారు. 1991 ఒక్క ఏడాదిలోనే స్టువర్టుపురం పేరుతో రెండు సినిమాలు వచ్చాయి, ఒకదానిలో పోలీస్ స్టేషన్, ఇంకోదానిలో దొంగలు. 2023లో ‘టైగర్ నాగేశ్వరరావు’ వచ్చినప్పుడు అభ్యంతరాలు కోర్టు దాకా వెళ్లాయి. చీరాల, బాపట్ల మధ్య స్టువర్టుపురం స్టేషన్ వస్తుంటే సామాన్లు దగ్గరికి లాక్కోమని ఒకరికొకరు చెప్పుకోవడం మేమంతా విన్నవాళ్లమే. ఉప్పు బాటను మింగిన రైలు ఆ ఊరి పక్క నుంచే పోతుందని ఆ బోగీలో ఎవరికీ గుర్తుండదు.

2007లో ఐక్యరాజ్యసమితి జాతివివక్ష నిర్మూలన కమిటీ మన దేశాన్ని అలవాటు నేరస్థుల చట్టాన్ని రద్దు చేయమని, విముక్త జాతులకు పునరావాసం కల్పించమని కోరింది. జాతివివక్ష కమిటీ, అన్నది గమనించండి. ఇది రేసిజమేనా అని సందేహపడే మన పిల్లలకు ఆ ఒక్క వాక్యం చాలు. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు జైళ్లలో కులవివక్ష కేసులో తీర్పు ఇస్తూ, సంచార తెగలనూ ఒకప్పటి నేరస్థ తెగలనూ అలవాటు నేరస్థులుగా చూసే జైలు నిబంధనలను తప్పుపట్టి మార్చమంది. 1952లో పోయిందనుకున్న మాట 2024లో జైలు మాన్యువళ్లలో ఇంకా కూర్చునే ఉందన్నమాట.

క్లాసులో ఎవరైనా ఆ ప్రశ్న వేస్తే మన పిల్లలు సిగ్గుపడవలసిన పని లేదు, తిట్టవలసిన పనీ లేదు. ఎదురు ప్రశ్నలు వేయండి. వీళ్లను దొంగలనడం ఎప్పుడు మొదలైంది? అంతకు ముందు వీళ్లు ఏం చేసేవారు? ఆ పని ఎందుకు పోయింది? లెక్క రాసింది ఎవరు, ఆ లెక్కలో ఏవేవి నేరాలుగా రాశారు? ఈ ప్రశ్నలు ఎరుకలవారి దగ్గరే ఆగనక్కర్లేదు. కోయలు, కొండరెడ్లు పోడు కొట్టి అడవిని నాశనం చేస్తారన్నప్పుడూ, మనవాళ్లు బద్ధకస్తులన్నప్పుడూ, ఉత్తరాంధ్ర గిరిజనులకు దాచుకోవడం తెలియదన్నప్పుడూ ఇవే వేయవచ్చు. ఇంకొక మాట. నగరాల్లో చదువుకునే ఆఫ్రికా విద్యార్థుల గురించీ, ఊరికి కొత్తగా వచ్చిన బీహారు కూలీల గురించీ మనలోనే కొందరు తేలిగ్గా మాట్లాడటం వింటున్నాం. అప్పుడూ ఇవే ప్రశ్నలు మనకు మనం వేసుకోవాలి.

ఈ సావనీరు తరువాతి సంచికకు ఒక పని పెట్టుకున్నాం. మీ ఇళ్లలో పాత ట్రంకు పెట్టెల్లో సెటిల్మెంటు పాసులు, బడి సర్టిఫికెట్లు, పొగాకు కంపెనీ కూలి చీటీలు, పాత ఫొటోలు ఉంటే పారేయకండి. ఫొటో తీసి మన సంఘానికి పంపండి. కాగితం లేకపోతే మాట చాలు. ఎనభై దాటిన అవ్వ, తాత ఉంటే పక్కన కూర్చుని, మన ఎడ్లు ఎన్ని ఉండేవి, ఉప్పు ఏ కొటారు నుంచి తెచ్చేవారు, ఏ ఊరి మీదుగా నడిచేవారు, శేరు ఉప్పుకు ఎన్ని శేర్ల జొన్నలు వచ్చేవి అని అడిగి ఫోనులో రికార్డు చేయండి. ఊరి పేర్లు వాళ్లు ఎలా పలికితే అలాగే రాయండి, సరిదిద్దకండి. హాజరు గంట ఎన్నింటికి కొట్టేవారో కూడా అడగండి.